240 బీట్ల పాట, నాలుగు బటన్లు

నిమిషానికి 70 నుంచి 150 బీట్లు. హత్సునే మికు అనే పాడే సాఫ్ట్‌వేర్ గొంతు ఏ వేగంలో బాగా పలుకుతుందో చెబుతూ దాన్ని తయారుచేసిన క్రిప్టన్ ఫ్యూచర్ మీడియా ఇచ్చిన లెక్క ఇది. జపాన్‌లోని సప్పోరో నగరానికి చెందిన ఈ సంస్థ 2007 ఆగస్టు 31న ఆ సాఫ్ట్‌వేర్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. నటి సాకి ఫుజితా గొంతును చిన్న చిన్న ధ్వనులుగా రికార్డు చేశారు. కొన్నవాళ్ళు బాణీ, మాటలు కంప్యూటర్‌లో ఎక్కిస్తే, యమహా వారి వోకలాయిడ్ 2 ఇంజిన్ ఆ ధ్వనులను అతికించి పాడి వినిపిస్తుంది. ఆ గొంతుకు రూపంగా ఇచ్చిన మికు పాత్రకు వయసు 16, ఎత్తు 158 సెంటీమీటర్లు అని రాసిన వివరాల పక్కనే ఈ వేగం లెక్క కూడా ఉంటుంది.

మూడు నెలలు తిరక్కుండానే ఆ హద్దు చెరిగిపోయింది. కాస్మో@బోసోపీ పేరుతో పాటలు కట్టే సంగీతకారుడు ఆ నవంబర్‌లో ఒక చిన్న పాట విడుదల చేశాడు. దాని నిడివి పెంచిన రూపం 2008 ఏప్రిల్‌లో వచ్చింది. పేరు 'హత్సునే మికు నో షోషిత్సు', అంటే హత్సునే మికు అదృశ్యం. వేగం 240. పై హద్దు 150 కంటే 90 ఎక్కువ, శాతంలో చెబితే 60.

ఈ వేగం కథలోంచే వచ్చింది. పాటలో మాట్లాడేది మనిషి కాదు, కంప్యూటర్‌లోంచి తొలగించబోతున్న ప్రోగ్రామ్. అది పోయేలోగా తనకు పాట నేర్పినవాళ్ళతో చెప్పుకోవలసింది చాలా ఉంది, గడువు మాత్రం లేదు. అందుకే మాటలు ఒకదాని మీద ఒకటి పడుతూ పరిగెడతాయి. వోకలాయిడ్ పాటల్లో వేగం కోసమే వేగం పెట్టినవి కొల్లలు. దీన్ని ఆ గాటన కట్టడం అన్యాయమని నా అభిప్రాయం.

240 అంటే చెవికి ఎంత? నిమిషంలో 60,000 మిల్లీసెకన్లు. 240తో భాగిస్తే బీటుకు 250. బీటుకు రెండు అక్షరాలు పలికితే ఒక్కోదానికి 125 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు 8. లియోన్ పరిశోధకులు ఏడు భాషల్లో ఒకే పాఠాన్ని చదివించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో అన్నిటికంటే వేగంగా నడిచింది జపనీసే: సెకనుకు సగటున 7.84 అక్షరాలు. అంటే ఈ లెక్క మామూలు జపనీసు చదువు వేగానికి కాస్త పైనే. మనిషి నోటికి అందనిదేమీ కాదు, ఈ పాటను సొంత గొంతుతో పాడినవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ చదివేవాడు వాక్యం చివర ఆగుతాడు, ఊపిరి పీలుస్తాడు. మికుకు ఊపిరి అక్కర్లేదు. కష్టమంతా ఆ ఆగకపోవడంలో ఉంది.

మన ఛందస్సులో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. జపనీసు పాట కూడా ఇంచుమించు అలాగే మాత్రలు లెక్కపెట్టుకుని నడుస్తుంది. హ, త్సు, నే, మి, కు: ఐదు మాత్రలు. పై వేగంలో ఆ పేరు మొత్తం 625 మిల్లీసెకన్లలో అయిపోతుంది.

ఈ పాటను బటన్ల మీదికి తెచ్చింది గేమ్ సంస్థ సెగా. 'ప్రాజెక్ట్ దీవా ఆర్కేడ్' 2010 జూన్ 23న జపాన్ గేమ్ సెంటర్లలో మొదలైంది. యంత్రం ముందు నిలబడితే అరచేయంత పెద్ద బటన్లు నాలుగు, ఎడమ నుంచి కుడికి త్రిభుజం, చతురస్రం, గుణకారం గుర్తు, వృత్తం. 2013లో వచ్చిన 'ఫ్యూచర్ టోన్' రూపంలో వీటి పైన వేలితో జరిపే టచ్ పట్టీ కూడా చేరింది. చాలా రిథమ్ గేముల్లో నోట్లు, అంటే బటన్ ఎప్పుడు కొట్టాలో చూపే గుర్తులు, ఒకే దారిలో జారుతూ వస్తాయి. ఇక్కడ అలా కాదు. తెర మీద ఎక్కడో ఒకచోట గుర్తు ఆకారం వెలుస్తుంది, దాని మీద గడియారం ముల్లు లాంటిది తిరుగుతుంటుంది, అదే ఆకారం ఇంకో మూల నుంచి ఎగురుతూ వచ్చి దాని మీద వాలుతుంది. ముల్లు పన్నెండు దగ్గరికి చేరిన క్షణాన బటన్ కొట్టాలి. సరిగ్గా పడితే కూల్, కాస్త తప్పితే ఫైన్, ఇంకా తప్పితే సేఫ్, ఆపైన శాడ్. కూల్, ఫైన్ ఉన్నంతవరకే కాంబో, అంటే తెగకుండా సాగే దెబ్బల వరస, నిలుస్తుంది. సేఫ్ పడినా తెగిపోతుంది.

తెర సెకనుకు 60 ఫ్రేములు చూపిస్తుంది, ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. 240 వేగంలో బీటుకు సరిగ్గా 15 ఫ్రేములు. అదే సగం బీటుకు ఏడున్నర. అంటే వరసగా వచ్చే నోట్లలో ఒకటి ఫ్రేము మొదట్లో పడితే తర్వాతిది ఫ్రేము మధ్యలో పడుతుంది. కంటిని మాత్రమే నమ్ముకుంటే చెయ్యి తడబడుతుంది, చెవినే నమ్ముకోవాలి. ఇంకో లెక్క కూడా ఉంది. 125 మిల్లీసెకన్ల ఎడంలో సగం 62.5. చెయ్యి అంత వెనకబడితే, కొట్టిన దెబ్బ పోయిన నోటుకూ రాబోయే నోటుకూ సమానదూరంలో ఉంటుంది. అంతకు మించి జారితే ఒకదానికి వేసిన దెబ్బ ఇంకోదానికి పడుతుంది, అక్కడి నుంచి బటన్ల వరసంతా తారుమారు. ఈ పాటలో ఒక తప్పు ఒంటరిగా రాదు.

చెవిని నమ్మమంటే అందులోనూ ఒక చిక్కుంది. 'స' లాంటి హల్లు పలకడానికి కొంత సమయం పడుతుంది. వోకలాయిడ్ ఆ హల్లును బీటుకు ముందే పలికించి, అచ్చు బీటు మీద పడేలా చూస్తుంది. హల్లు ఎంత పొట్టిగా ఉండాలో పాట కట్టేవాళ్ళు 0 నుంచి 127 వరకు ఒక అంకెతో నిర్ణయిస్తారు, మామూలుగా అది 64 దగ్గర ఉంటుంది. మామూలు పాటలో ఇదంతా పట్టించుకోనక్కర్లేదు. 125 మిల్లీసెకన్ల అక్షరంలో మాత్రం హల్లు విని కొట్టినవాడు ముందుగా కొట్టినట్టే. అచ్చుకు కొట్టాలి. కొత్తవాళ్ళు ఈ పాటలో తొందరపడుతున్నారంటే చాలాసార్లు కారణం ఇదేనని నాకనిపిస్తుంది.

ఇక చార్ట్, అంటే పాటలో ఏ నోటు ఎక్కడ రావాలో చెప్పే పటం, రాసేవాళ్ళ పని. అసలు పాట 5 నిమిషాలకు కాస్త తక్కువ. ఆర్కేడ్‌లో పాటలను సాధారణంగా 2 నిమిషాల చుట్టూ కుదిస్తారు. 240 వేగంలో 2 నిమిషాలంటే 480 బీట్లు, బీటుకు రెండు చొప్పున 960 దెబ్బలు. అన్నిటికీ నోటు పెడితే అది చార్ట్ అవదు, గోడ అవుతుంది. అందుకే గొంతు పరిగెత్తేచోట బటన్లను పరిగెత్తించి, పల్లవిలో అచ్చు సాగేచోట బటన్ నొక్కి పట్టుకునే హోల్డ్ ఇస్తారు. ఒక చెయ్యి పట్టుకునే ఉంటుంది, రెండో చెయ్యి మిగతా బటన్లు చూసుకుంటుంది. పరుగులోనూ గుర్తు అక్షరానికోసారి మారదు. ఒకే గుర్తు వరసగా వస్తే రెండు చేతులతో ఒకే బటన్‌ను మార్చి మార్చి కొట్టవచ్చు. సెకనుకు 8 దెబ్బలు అలా చేతికి 4 చొప్పున విడిపోతాయి. అప్పుడు అసలు కష్టం కొట్టడంలో ఉండదు, గుర్తు మారే ఆ ఒక్క చోట ఉంటుంది. మంచి చార్ట్ ఆ మార్పును మాట మారేచోట పెడుతుంది కాబట్టి పాట తెలిసినవాళ్ళ చెయ్యి ముందే సిద్ధమవుతుంది.

కాబట్టి బీట్ల సంఖ్య చూసి కష్టం అంచనా కట్టడం సరికాదు. దీనికి గట్టి సాక్ష్యం అదే కాస్మో 2010లో 'ప్రాజెక్ట్ దీవా సెకండ్' గేమ్ కోసమే కట్టిన 'హత్సునే మికు నో గెకిషో' పాట. దాని వేగం 200, అంటే 40 తక్కువ. అయినా ఆడేవాళ్ళు దాన్నే పెద్ద పరీక్షగా లెక్కగడతారు. 200 వేగంలో బీటుకు 300 మిల్లీసెకన్లు. ఆ బీటును రెండుగా కాక నాలుగుగా చీలిస్తే నోటుకు 75 మిల్లీసెకన్లు, ఫ్రేముల్లో నాలుగున్నర, సెకనుకు 13.3 దెబ్బలు. అంత ఇరుకులో ఒకే బటన్ మీద రెండు చేతులు ఆడించినా చేతికి దాదాపు 7 పడతాయి. ఏ చార్ట్‌నైనా కొలవాలంటే 60,000ను వేగంతో భాగించి, వచ్చినదాన్ని ఒక్కో బీటులో పడే నోట్ల సంఖ్యతో మళ్ళీ భాగించాలి. ఈ రెండు పాటలూ నేర్చుకోదలచినవాళ్ళు ఆ లెక్క ప్రకారం 240ని ముందు, 200ని తర్వాత పెట్టుకోవాలి.