డ్రైవర్ అన్నకు పాఠం చెప్పే కొలువు

‘ట్రైనింగ్ మేనేజర్’ అనగానే బీటెక్ పూర్తిచేసిన మీకు ఏసీ గది, ప్రొజెక్టర్, హెచ్‌ఆర్ డిపార్ట్‌మెంట్ గుర్తొస్తాయి. అదే పోస్టు ఓ బస్సు డిపోలో ఉందనుకోండి. మీ ఎదురుగా కూర్చున్న ‘స్టూడెంట్’కి నలభై ఎనిమిదేళ్లు. మీరు యూకేజీలో ఉన్నప్పటి నుంచీ ఆయన స్టీరింగ్ పట్టుకునే ఉన్నాడు. రాత్రి ఏదో పల్లెలో నైట్ హాల్ట్ చేసి, పొద్దున్నే ఫస్ట్ ట్రిప్ కొట్టి, నేరుగా క్లాసుకు వచ్చాడు. మీరు మూడో స్లైడ్‌కి వెళ్లేలోపే ఆయన కళ్లు మూతపడతాయి.

తప్పెవరిది? నన్నడిగితే ఆ రోజు డ్యూటీ చార్టు వేసినవాళ్లది. బస్సు డ్రైవర్ల శిక్షణను నడిపించడమంటే సగం పని ఆ చార్టుతో కుస్తీ పట్టడమే. మిగతా సగం ఇంకా కష్టం, దాని సంగతి తర్వాత చూద్దాం. ఈ పని చేయగలిగినవాళ్ల అవసరం మాత్రం మన దగ్గర గట్టిగా పెరుగుతోంది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలయ్యాయి. మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సుల్లో నిలబడి వెళ్లేవాళ్లు ఎంత పెరిగారో మీకు చెప్పనక్కర్లేదు. పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. వాటిని నడిపేవాళ్లకు ఎవరో ఒకరు నేర్పాలి కదా.

లైసెన్సు వేరు, బస్సు వేరు

హెవీ లైసెన్సు ఉంటే చాలు, బస్సు నడిపేయొచ్చు అనుకుంటాం. లారీ మీద పదేళ్లు పనిచేసిన మనిషిని తీసుకోండి. వెనక సిమెంటు బస్తాలు. బ్రేకు గట్టిగా పడితే బస్తా తిట్టదు, కాస్త ఒరిగి ఊరుకుంటుంది. బస్సులో అయితే ఫుట్‌బోర్డు దగ్గర బిడ్డనెత్తుకుని నిలబడ్డ తల్లి పడిపోతుంది. అందుకే కొత్తగా వచ్చినవాళ్లకు క్లాసు, గ్రౌండులో ప్రాక్టీసు, తర్వాత సీనియర్ పక్కన రూట్ మీద డ్రైవింగ్, ఇలా మెట్లు మెట్లుగా శిక్షణ ఉంటుంది. ఏళ్ల తరబడి నడుపుతున్నవాళ్లకు రిఫ్రెషర్. ప్రమాదం చేసినవాళ్లకు మళ్లీ శిక్షణ. కండక్టర్లకైతే టికెట్ మెషీన్లు, యూపీఐ, ప్రయాణికులతో మాటతీరు.

తెలంగాణ ఆర్టీసీకి హకీంపేటలో ట్రాన్స్‌పోర్ట్ అకాడమీ ఉంది. డిపోల్లో సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉంటారు, పొట్టిగా ఎస్‌డీఐలు అంటారు. దేశవ్యాప్తంగా రవాణా సంస్థల అధికారులకు శిక్షణ ఇచ్చే సీఐఆర్‌టీ 1967 నుంచి పుణెలో నడుస్తోంది. అంటే వ్యవస్థ లేదని కాదు. మరి సమస్య ఎక్కడ?

కొండగట్టు దగ్గర ఆగుదాం

2018 సెప్టెంబర్ 11. జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. బస్సులో వందకు పైగా ప్రయాణికులున్నారు. డ్రైవర్ కూడా ప్రాణాలు కోల్పోయారు. అంతకు నెల ముందే ఆయన ఉత్తమ డ్రైవర్‌గా అవార్డు అందుకున్నారని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి.

చనిపోయిన మనిషిని బోనెక్కించడానికి ఇది చెప్పడం లేదు. అంత జనాన్ని ఎక్కించుకున్న బస్సు ఆ రూట్‌లో దిగిందంటే బాధ్యత ఒక్క స్టీరింగ్ దగ్గరే ఆగదు. నాకు ఆసక్తి ఆ ‘ఉత్తమ’ అనే మాట మీద. మన డిపోల్లో ఉత్తమ డ్రైవర్‌ని దేన్ని బట్టి లెక్కిస్తారు?

ఏ డిపోకి వెళ్లినా మీకు వినిపించే మాట కేఎంపీఎల్. లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందన్న లెక్క. దాని బలం తెలియాలంటే ఓ చిన్న లెక్క వేసి చూడండి. వంద బస్సుల డిపో, ఒక్కో బస్సు రోజుకు 300 కిలోమీటర్లు. మొత్తం 30,000. లీటరుకు 5 కిలోమీటర్లు వస్తే 6,000 లీటర్లు కావాలి. అదే 5.2 వస్తే 5,769 చాలు. రోజుకు 231 లీటర్ల ఆదా. లీటరు 95 రూపాయలనుకుంటే రోజుకు దాదాపు 22 వేలు, ఏడాదికి 80 లక్షలు. అంత చిన్న పాయింట్ టూకి అంత డబ్బు! డిపో మేనేజర్ పొద్దున లేవగానే ఆ అంకె ఎందుకు చూస్తారో ఇప్పుడు అర్థమైందా?

ఆదా మంచిదే. చిక్కల్లా ఎలా ఆదా చేస్తున్నారన్న దగ్గర వస్తుంది. ముందు చూపుతో నడిపి, అనవసరంగా రేజ్ చేయకుండా, ఇంజిన్‌ను సరైన స్పీడులో ఉంచి డీజిల్ మిగిల్చే డ్రైవర్ ఉంటాడు. దిగుడు రాగానే న్యూట్రల్ చేసి బస్సును వదిలేసే డ్రైవర్ కూడా ఉంటాడు. నోటీసు బోర్డు మీద ఇద్దరి అంకె ఒకేలా కనిపించొచ్చు.

ఇక్కడ మీ ఇంజినీరింగ్ చదువు పనికొస్తుంది. ఇప్పటి బస్సుల్లో ఇంజిన్‌కు డీజిల్ ఎంత వెళ్లాలో ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్ చూసుకుంటుంది. గేర్లో ఉండగా యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే, దిగుడులో చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి. ఆ కాసేపు డీజిల్ సరఫరా దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్ చేశారనుకోండి, ఇంజిన్ ఆగిపోకుండా ఉండేందుకు డీజిల్ తాగుతూనే ఉంటుంది. ఆదా సంగతి దేవుడెరుగు, ఇంజిన్ ఇచ్చే పట్టు కూడా పోయింది. బరువంతా బ్రేకుల మీదే. పదే పదే తొక్కితే అవి వేడెక్కి పట్టు సడలుతుంది. పైగా ఇవి ఎయిర్ బ్రేకులు. తొక్కినప్పుడల్లా గాలి ఖర్చవుతుంది, ఐడిల్‌లో ఉన్న ఇంజిన్ ఆ గాలిని అంత త్వరగా నింపలేదు.

ఇదంతా క్లాసులో చక్కగా చెబుతాం. డ్రైవర్ తల ఊపుతాడు, సర్టిఫికెట్ తీసుకుంటాడు. మర్నాడు డిపో గేటు దగ్గర ఎవరో ‘మీ కేఎంపీఎల్ తగ్గిందేంటి?’ అని అడుగుతారు. మీ పాఠం అక్కడే చచ్చిపోతుంది. నేను ఇందాక కష్టం అన్న రెండో సగం ఇదే. డిపో దేన్ని లెక్కపెడుతుందో దాన్నే డ్రైవర్ నేర్చుకుంటాడు. కాబట్టి ట్రైనింగ్ మేనేజర్ గొడవ పడాల్సింది ఆ లెక్క కోసం. కేఎంపీఎల్ పక్కనే సడన్ బ్రేకులు ఎన్ని, ఘాట్ రోడ్డులో ఏ గేరు, ప్రయాణికుల ఫిర్యాదులు ఎన్ని అనేవి కూడా అదే బోర్డు మీద ఉండాలి. ఆ బోర్డు మీ చేతిలో లేకపోతే మీరు మేనేజర్ కాదు, స్లైడ్లు మార్చే మనిషి.

శిక్షణ ఫలితాన్ని కొలవడానికి డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ 1959లో చెప్పిన నాలుగు మెట్లు ఇప్పటికీ కార్పొరేట్ ట్రైనర్లందరూ వాడతారు. క్లాసు నచ్చిందా, ఏమన్నా నేర్చుకున్నారా, పనిలో మారారా, సంస్థకు ఫలితం వచ్చిందా. మన దగ్గర రిపోర్టులు చాలావరకు మొదటి మెట్టు మీదే కూర్చుంటాయి. ‘ఇంతమందికి శిక్షణ ఇచ్చాం, అందరూ బాగుందన్నారు.’ భోజనం బాగుంటే ఎవరైనా బాగుందనే అంటారు!

చార్టుతో కుస్తీ

250 మంది డ్రైవర్లున్న డిపో తీసుకోండి. ఏడాదికి ఒక్కొక్కరికి ఒక్క రోజు రిఫ్రెషర్ ఇవ్వాలన్నా 250 పని దినాలు పోతాయి. రోజుకు ఐదుగురిని పంపితే 50 రోజులు. సంక్రాంతి, దసరా, పెళ్లిళ్ల సీజన్, రెండేళ్లకోసారి మేడారం జాతర తీసేయండి. అప్పుడు డిపో మేనేజర్ ఒక్కరిని కూడా వదలరు. మిగిలిన రోజుల్లో ఐదుగురు వెళ్తే వాళ్ల బదులు ఎవరు నడపాలి? స్పేర్ డ్రైవర్లు లేకపోతే సర్వీసు క్యాన్సిల్, లేదా ఇంకొకరి మీద డబుల్ డ్యూటీ. ఒకరికి సేఫ్టీ పాఠం చెప్పడం కోసం మరొకరిని నిద్ర లేకుండా రోడ్డెక్కించడం ఏం న్యాయం? రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, 5 గంటలు పనిచేశాక కనీసం అరగంట విశ్రాంతి అని మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం 1961లోనే హద్దు పెట్టింది. శిక్షణ రోజును కూడా డ్యూటీ రోజుగానే లెక్కించి, ముందు రాత్రి నైట్ హాల్ట్ వేయకుండా చార్టు గీయడం మీ పని. ఎక్సెల్ వస్తే చాలు, దీనికి ఏఐ అక్కర్లేదు.

ఏఐ అవసరమయ్యే చోటు వేరే ఉంది. నాగ్‌పూర్‌లో 2021లో మొదలైన ఐరాస్తే ప్రాజెక్టులో ఇంటెల్, మన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, సీఎస్‌ఐఆర్-సీఆర్‌ఆర్‌ఐ కలిసి బస్సుల అద్దాలకు కెమెరాలు పెట్టించాయి. తర్వాత తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లోకీ అది వచ్చింది. ముందు వెళ్తున్న బండికి మరీ దగ్గరైతే, లైన్ తప్పితే, ఎవరైనా అడ్డొస్తే డ్రైవర్‌కు బీప్ వినిపిస్తుంది. ఈ హెచ్చరికలు ఎక్కడెక్కడ ఎక్కువ వస్తున్నాయో మ్యాప్ మీద పెడితే, ఇంకా ప్రమాదం జరగని ప్రమాదకర చోట్లు బయటపడతాయి. ట్రైనర్‌కు ఇది బంగారం. ‘జాగ్రత్తగా నడపండి’ అని చెప్పడం మానేసి, ‘ఈ రూట్‌లో ఫలానా జంక్షన్ దగ్గర అందరికీ బీప్ వస్తోంది, ఎందుకంటారు?’ అని అడగొచ్చు. కాకపోతే ఒక్క షరతు. ఆ డేటాతో మొదటి వారంలోనే చార్జిమెమోలు ఇచ్చారంటే, రెండో వారానికి కెమెరా మీద కర్చీఫ్ పడుతుంది.

ఎలక్ట్రిక్ బస్సుల్లో మరో మెలిక. ఇప్పుడు వస్తున్నవి ఎక్కువగా అద్దె ఒప్పందం మీదవి. బస్సు కంపెనీది, డ్రైవర్ కంపెనీ మనిషి, కండక్టర్ ఆర్టీసీ ఉద్యోగి, రూటూ చార్జీలూ ఆర్టీసీవి. బస్సు మీద పేరు ఆర్టీసీదే కాబట్టి తిట్లు ఆర్టీసీకే. ఇందులో శిక్షణ బాధ్యత ఎవరిదో ఒప్పందంలో స్పష్టంగా రాసుకోకపోతే మధ్యలో జారిపోతుంది. నేర్పాల్సింది మాత్రం చాలా ఉంది. మోటార్ టార్క్ కాలు పెట్టగానే అందుతుంది, డీజిల్ బస్సు అలవాటుతో తొక్కితే నిలబడ్డవాళ్లు వెనక్కి పడతారు. కాలు తీయగానే రీజనరేటివ్ బ్రేకింగ్ మొదలై ముందుకు తూలతారు. చప్పుడు లేదు కాబట్టి రోడ్డు దాటేవాళ్లకు బస్సు వస్తున్నట్టే తెలియదు. బస్సు నిండుగా ఉన్నప్పుడు ఎలా నడపాలో ఖాళీ బస్సులో నేర్పలేం, ఇసుక బస్తాలైనా వేసి నేర్పాలి.

ఈ దారిలోకి ఎలా?

ఆర్టీసీల్లో ట్రాఫిక్, మెకానికల్ సూపర్‌వైజర్ ట్రైనీ పోస్టుల నోటిఫికేషన్లు పడుతుంటాయి, వాటిని గమనిస్తూ ఉండండి. శిక్షణ విభాగంలోకి చాలామంది ఆ పునాది మీంచే వస్తారు. ఎలక్ట్రిక్ బస్సులు నడిపే కంపెనీలు, బస్సుల తయారీ సంస్థల శిక్షణ కేంద్రాలు మరో దారి. సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో అశోక్ లేలాండ్ భాగస్వామ్యంతో ఉన్న డ్రైవింగ్ శిక్షణ సంస్థను ఓసారి వెళ్లి చూసి రండి. టెలిమాటిక్స్ డేటా చదవడం, కాస్త ఎస్‌క్యూఎల్, డ్యూటీ షెడ్యూలింగ్ వస్తే ప్లస్సే. వీలైతే మీరూ హెవీ లైసెన్సు తీసుకోండి. రవాణా వాహనం లెర్నర్ లైసెన్సుకు ముందు కనీసం ఏడాదిపాటు కారు లైసెన్సు ఉండాలి, ఇరవై ఏళ్లు నిండాలి. బస్సు నడపగల ఇంజినీర్ మాటకు డిపోలో ఉండే విలువే వేరు.

భాష గురించి ఒక మాట. హైదరాబాద్ డిపోల్లో ఉర్దూ, హిందీ రాకపోతే సగం క్లాసు మీకు దూరమైపోతుంది. ‘మీకు తెలియని విషయం చెబుతాను’ అని మొదలుపెడితే మిగతా సగం కూడా. ‘అన్నా, ఆ దిగుడు మీరెలా దించుతారు?’ అని అడిగి చూడండి. మీ స్లైడ్లలో లేనివి నాలుగు చెబుతారు, వాటిలో ఒకటి తప్పు ఉంటుంది. ఆ తప్పును పక్క సీట్లోని డ్రైవరే సరిదిద్దుతాడు. మీరు పక్కన నిలబడి రాసుకోండి.

ఇంటర్వ్యూకి వెళ్తే వాళ్లు మిమ్మల్ని చాలా అడుగుతారు. మీరు రెండడగండి. శిక్షణ రోజున డ్రైవర్‌కు జీతం ఉంటుందా? ఉత్తమ డ్రైవర్‌ని ఎంపికచేసే కమిటీలో ట్రైనింగ్ మేనేజర్‌కు చోటుందా? మొదటిదానికి ‘లేదు’ అంటే థాంక్స్ చెప్పి వచ్చేయండి. రెండోదానికి ‘ఇప్పటివరకు లేదు’ అంటే, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందే ఆ చోటు అడగండి.