మరచిపోయిన వైద్య బీమా మినహాయింపు - పాత రిటర్నులను సరిచేసుకొనుట ఎట్లు?

పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాలలో మన పాల సంఘాల సభ్యులు పాడితోపాటు ఇతర వృత్తులు కూడా చేసుకుంటున్నారు. జీడిపప్పు వ్యాపారం, కొబ్బరి తోటలు, కొబ్బరి పీచు, గ్రానైటు రవాణా, కిరాణా దుకాణం - ఇట్లా ఎవరి సొంత పని వారిది. ఉద్యోగస్తునికి అతని కార్యాలయమే పన్ను లెక్క చూస్తుంది. సొంత పని చేసుకొనేవారికి అట్లా చూసేవారు లేరు. అందువల్ల వైద్య బీమా ప్రీమియం కట్టి కూడా దానిని రిటర్నులో చూపక, అనవసరంగా పన్ను చెల్లించినవారు తరచు కనబడుతూ ఉంటారు.

ఈ విషయం మన ప్రాంతానికి మరీ ముఖ్యం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో మూత్రపిండాల వ్యాధి ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ప్రభుత్వ వైద్య పథకం కింద డయాలసిస్ కూడా జరుగుతున్నది. అయినా మందులకు, పరీక్షలకు సొంత డబ్బు ఖర్చవుతూనే ఉంటుంది. అటువంటి ఇంటికి పది పన్నెండు వేలు తిరిగి రావడం చిన్న సంగతి కాదు.

ముందుగా గమనించవలసినది

పాల అమ్మకం వల్ల వచ్చే ఆదాయం వ్యవసాయ ఆదాయం కాదు. దానిని వ్యాపార ఆదాయంగానే లెక్కించాలి. అయితే మొత్తం ఆదాయం పన్ను పరిమితి లోపల ఉన్న సభ్యునికి పన్నే లేదు గనుక ఈ మినహాయింపుతో పని లేదు. అట్టివారికి బ్యాంకు డిపాజిట్ల వడ్డీపై పన్ను కోసి ఉంటే, ఆ మొత్తం తిరిగి రావడానికి మాత్రం రిటర్ను వేయాలి. పన్ను చెల్లించినవారు తక్కిన వివరాలు చదవగలరు.

ఏ ఖర్చుకు ఎంత మినహాయింపు?

1961 ఆదాయపు పన్ను చట్టం 80డి సెక్షను ప్రకారం తనకు, భార్య లేక భర్తకు, తనపై ఆధారపడిన పిల్లలకు కట్టిన ఆరోగ్య బీమా ప్రీమియంపై ఏడాదికి రూ. 25,000 వరకు మినహాయింపు ఉన్నది. తల్లిదండ్రులకు కట్టిన ప్రీమియంపై వేరుగా మరో రూ. 25,000. 60 ఏళ్ళు నిండినవారి విషయంలో ఈ పరిమితి రూ. 50,000. అట్టి వృద్ధులకు బీమా లేకపోతే వారి వైద్యానికి పెట్టిన ఖర్చునే ఈ పరిమితిలో చూపవచ్చు. కాని చెల్లింపు నగదు రూపంలో ఉండరాదు. ముందస్తు ఆరోగ్య పరీక్షలకు పెట్టిన రూ. 5,000 వరకు మాత్రం నగదు చెల్లింపు చెల్లుతుంది. అదికూడా పై పరిమితిలోనిదే.

80డిడిబి సెక్షను సంగతి తెలిసినవారు తక్కువ. దీర్ఘకాలిక మూత్రపిండాల వైఫల్యం ఈ సెక్షను కింద పేర్కొన్న వ్యాధులలో ఒకటి. తనకు గాని, తనపై ఆధారపడిన భార్య లేక భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళకు గాని చేయించిన చికిత్సకు రూ. 40,000 వరకు, రోగి 60 ఏళ్ళు నిండినవారైతే రూ. 1,00,000 వరకు మినహాయింపు కలదు. మూత్రపిండాల నిపుణుడు వ్రాసి ఇచ్చిన చీటీ ఉండాలి. బీమా కంపెనీ ఇచ్చిన సొమ్మును ఇందులోనుంచి తీసివేయాలి. ప్రభుత్వ పథకం భరించిన ఖర్చును చూపరాదు. ఒకే ఖర్చును రెండు సెక్షన్ల కింద వ్రాయరాదు.

పాత పద్ధతా, కొత్త పద్ధతా?

ఈ రెండు మినహాయింపులూ పాత పన్ను పద్ధతిలోనే లభిస్తాయి. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పద్ధతి దానంతట అదే వర్తిస్తున్నది. ఆ సంవత్సరం నుంచి వ్యాపార ఆదాయం కలవారు పాత పద్ధతి కావాలనుకొంటే రిటర్ను గడువు లోపల ఫారం 10-ఐ.ఇ.ఎ. దాఖలు చేసి ఉండాలి. చేయనివారు తరువాత రిటర్ను సవరించినా ప్రయోజనం ఉండదు. 2022-23 వరకు మాత్రం, కొత్త పద్ధతి కోరుకోనివారందరూ పాత పద్ధతిలోనే ఉన్నారు.

సరిచేసుకొనే మార్గాలు

ఒకటి: సవరణ రిటర్ను. 139(5) సెక్షను కింద, అసెస్‌మెంటు సంవత్సరానికి నిర్ణయించిన గడువులోగా గాని, అసెస్‌మెంటు పూర్తి అయ్యేలోగా గాని, ఏది ముందైతే అప్పటిలోగా దీనిని వేయాలి. ఉదాహరణకు 2024-25 ఆదాయానికి ఈ గడువు ముగిసింది. సవరణ రిటర్నును కూడా 30 రోజులలో ధ్రువీకరించాలి. లేకుంటే అది వేయనట్లే.

రెండు: కమిషనరుకు రివిజను దరఖాస్తు. రిటర్నుపై శాఖ పంపిన ఉత్తర్వు అందిన ఏడాదిలోగా, 264 సెక్షను కింద రూ. 500 రుసుముతో పెట్టుకోవచ్చు.

మూడు: ఆలస్యాన్ని మన్నించమని కోరే దరఖాస్తు. 119(2)(బి) సెక్షను కింద కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2024 అక్టోబరు 1న 11/2024 నంబరు సర్క్యులరు ఇచ్చింది. దాని ప్రకారం అసెస్‌మెంటు సంవత్సరం ముగిసిన నాటి నుంచి 5 సంవత్సరాల లోపల దరఖాస్తు చేయాలి. అంటే 2020-21 ఆదాయానికి 2027 మార్చి 31, 2021-22 ఆదాయానికి 2028 మార్చి 31 ఆఖరు తేదీలు. రూ. 1 కోటి వరకు క్లెయిములను ప్రిన్సిపల్ కమిషనరు లేక కమిషనరు పరిష్కరిస్తారు. ఇది హక్కు కాదు. ఆలస్యానికి నిజమైన కష్టం కారణమని చూపాలి. ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉండి ఉంటే తేదీలతో సహా ఆ కాగితాలు జతపరచాలి. మంజూరైనా ఆలస్యపు రీఫండుపై వడ్డీ ఇవ్వరు.

మార్గం కానివి

'అప్‌డేటెడ్ రిటర్నుకు నాలుగేళ్ళు గడువుంది గదా' అని కొందరు ధీమాగా ఉంటారు. 2025 ఏప్రిల్ నుంచి దాని గడువు 48 నెలలకు పెరిగిన మాట నిజమే. కాని అది అదనపు పన్ను కట్టడానికే. పన్ను తగ్గించుకోవడానికి, రీఫండు పొందడానికి అది పనికిరాదు. మామూలు ఉత్తరం వ్రాసి అసెస్‌మెంటు అధికారిని కొత్త మినహాయింపు కోరినా ఆయన ఇవ్వలేరని సుప్రీంకోర్టు 2006లో గెట్జ్ ఇండియా కేసులో తేల్చింది. అమెరికాలో ఉన్న మన పిల్లలు మూడేళ్ళ వరకు రిటర్ను సవరించవచ్చని చెబుతారు. అది అక్కడి చట్టం.

ఒక లెక్క

ఒక సభ్యుడు 2021-22లో పాత పద్ధతిలో రూ. 7,20,000 ఆదాయంపై పన్ను కట్టాడనుకొందాం. తన కుటుంబ బీమాకు రూ. 18,000 ప్రీమియం, బీమా లేని 68 ఏళ్ళ తల్లి వైద్యానికి బ్యాంకు ద్వారా రూ. 42,000 చెల్లించి, రెండూ చూపలేదు. మొత్తం రూ. 60,000. దానిపై 20 శాతం చొప్పున రూ. 12,000, సెస్సు 4 శాతం రూ. 480, వెరసి రూ. 12,480 అతడు అదనంగా కట్టినట్లు.

సభ్యులకు సూచనలు

1. పాలసీ పత్రం, ప్రీమియం రశీదు, ఆసుపత్రి బిల్లులు, డాక్టరు చీటీలు ఏడాదివారీగా ఒక సంచిలో భద్రపరచండి.

2. ప్రీమియంను పాల బిల్లు జమ అయ్యే బ్యాంకు ఖాతా నుంచే చెల్లించండి. పాసుబుక్కే సాక్ష్యం అవుతుంది.

3. రిటర్ను వ్రాసేవారికి తల్లిదండ్రుల వయస్సు, వ్యాధి వివరాలు మీరే అడగకుండా చెప్పండి.

4. లేని పాలసీని చూపి రీఫండు తెప్పిస్తామనే మధ్యవర్తుల మాట నమ్మవద్దు. 2024-25 ఆదాయపు రిటర్ను నుంచి బీమా సంస్థ పేరు, పాలసీ నంబరు అడుగుతున్నారు. తప్పుడు లెక్క చూపితే ఎగవేసిన పన్నుకు రెండింతల జరిమానా ఉన్నది.

5. 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. అందులో సెక్షన్ల నంబర్లు వేరు. అంతకు ముందు సంవత్సరాల వ్యవహారాలు మాత్రం 1961 చట్టం ప్రకారమే నడుస్తాయి.

సంఘ కార్యదర్శులు ఈ వివరాలను పాల సేకరణ కేంద్రం వద్ద చదివి వినిపించి, చదువురాని సభ్యులకు వారి రశీదులు వెదుక్కోవడంలో సాయపడవలసిందిగా కోరుచున్నాము. ప్రతి సంవత్సరానికి గడువు వేరు. ముందుగా పోయేది 2020-21 గనుక ఆ సంచి ముందు విప్పి చూడవలెను.