నాలుగు వాక్యాలు... నానా తంటాలు!

కోనసీమలో ఓ రైతు ఇల్లు అనుకుందాం. మురుగుకాలువ పూడుకుపోయి సార్వా చేను మునిగింది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వాలి. ‘ఒరేయ్ అబ్బాయ్, నాలుగు ముక్కలు రాసిపెట్టరా’ అంటాడు తండ్రి. పదో తరగతి తెలుగులో తొంభై దాటి మార్కులు తెచ్చుకున్న కొడుకు ‘అయ్యా...’ అని రాసి ఆగిపోతాడు. ‘ఇది గైడులో లేదు నాన్నా!’ చేసేదేముంది? ఆఫీసు బయట అర్జీలు రాసేవాళ్లకు డబ్బిచ్చి రాయించుకోవడమే.

ఇలాంటి ఇళ్లు ఇప్పుడు చాలానే. తప్పు పిల్లలదా అంటే, పూర్తిగా కాదు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ‘వ్యక్తీకరణ - సృజనాత్మకత’ అని ఓ విభాగం ఉంది. లేఖలు, కరపత్రాలు, సంభాషణలు సొంతంగా రాయాలన్నది ఉద్దేశం. కానీ వాటికీ గైడుల్లో జవాబులు సిద్ధం! ఇంటర్‌కొస్తే లక్ష్యం ఈఏపీసెట్. 160 ప్రశ్నలు, మూడు గంటలు... ఒక్క వాక్యమూ రాయక్కర్లేదు. పల్లె పిల్లల చదువును కొలిచే ‘అసర్’ సర్వే కూడా ప్రధానంగా చూసేది చదవడం, లెక్కలే. కొలవనిది వెనకబడినా ఎవరికీ కనిపించదు.

రాజమండ్రిలో ఆనాడే...

ఈ బాధ కొత్తదేం కాదు. వందేళ్ల కిందట పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఒక తెలుగు, బడిలో రాయాల్సింది మరో తెలుగు. గ్రాంథికం కుదరక సొంత ఆలోచన పక్కకుపోయి, బట్టీ మిగిలేది. గిడుగు రామమూర్తి పంతులు పోరాడింది దీనిమీదే. 1919లో రాజమండ్రిలో ‘వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం’ ఏర్పడితే, కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడయ్యారు. ధవళేశ్వరంలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన ఆయన, గ్రాంథికంలో ఎన్నో పుస్తకాలు రాసిన ఆయన, చివరిరోజుల్లో వాడుక భాష వైపు నిలబడ్డారు. అదే ఏడాది మేలో కన్నుమూశారు.

వాడుక భాష గెలిచింది. బడిలోకీ వచ్చింది. బట్టీ మాత్రం పోలేదు. గ్రాంథికం ఖాళీ చేసిన కుర్చీలో గైడు కూర్చుంది!

రాయడం ఎందుకంటే...

అర్జీ రాయాలంటే చేను ఎక్కడుంది, ఎప్పుడు మునిగింది, ఎంత నష్టం, ఏం చేయమని అడుగుతున్నాం... ఇవన్నీ ముందు తేల్చుకోవాలి. రాయడమంటే తెలిసినదాన్ని వరసలో పెట్టుకోవడమే. అది రాకపోతే రేపు ఇంజినీరైనా నివేదిక దగ్గర తడబాటే, నర్సయినా రోగి పరిస్థితి రాసిపెట్టడానికి ఇబ్బందే. ‘ఇప్పుడు ఫోనే రాసిపెడుతోందిగా’ అనొచ్చు. నిజమే. కానీ అందులో మన చేను సంగతి సరిగ్గా ఉందో లేదో చూసుకోవాల్సింది మళ్లీ మనమే!

ఖర్చులేని మందు

దీనికి ట్యూషన్ అక్కర్లేదు. రోజూ పది నిమిషాలు చాలు. పుష్కరాల రేవులో చూసిందో, అమ్మమ్మగారింట్లో తిన్న పూతరేకుల సంగతో అయిదు వాక్యాలు రాయమనండి. ముందు విషయం చదివి ‘తర్వాత ఏమైంది?’ అని అడగండి. అక్షరదోషాలు ఆ తర్వాత చూడొచ్చు. రోజుకో తప్పు దిద్దితే చాలు. పేజీ నిండా ఎర్రగీతలు పెడితే మర్నాడు పెన్ను పట్టరు. కరెంటు ఆఫీసుకో, పంచాయతీకో కాగితం ఇవ్వాల్సొస్తే ఆ పని పిల్లలకే అప్పజెప్పండి.

మొదట్లో తప్పులుంటాయి. ఉండనివ్వండి. గైడులో చూసి దింపిన ఒప్పులకంటే అవే మేలు!