రేడియేషన్ తరువాత మింగడం మళ్ళీ అలవాటు చేసుకోవాలి

హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1955లో మొదలైంది. ఎంకపల్లి, మొయినాబాద్, చేవెళ్ళ వైపు వారికి అందుబాటులో ఉన్న ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి అదే. గొంతు క్యాన్సర్‌కు సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున 6, 7 వారాలు రేడియేషన్ ఇస్తారు. అది ముగిసి, గడ్డ కరిగిందని డాక్టరు చెప్పినా, ఇంటికి వచ్చాక ముద్ద గొంతు దిగదు. రోగం తిరగబెట్టిందేమోనని చాలామంది భయపడతారు. అన్నిసార్లూ కారణం అది కాదు.

మనం మింగేటప్పుడు నాలుక ముద్దను వెనక్కి నెడుతుంది, స్వరపేటిక పైకి లేచి ఊపిరిదారి మూసుకుంటుంది, అన్నవాహిక తెరుచుకుంటుంది. ఇదంతా దాదాపు ఒక్క క్షణంలో జరగాలి. రేడియేషన్ వలన లాలాజలం తగ్గుతుంది, గొంతు పూస్తుంది, కండరాలు బిగుసుకుంటాయి. ఈ బిగుతు చికిత్స అయిపోయిన నెలలకు, ఒక్కోసారి ఏళ్ళకు కూడా పెరుగుతుంది.

నొప్పికి భయపడి రోగి మింగడం మానేస్తాడు. "ముక్కులో ట్యూబు ఉంది కదా, ఎందుకు బాధపడతావు?" అని ఇంటివారు ప్రేమతోనే అంటారు. అసలు నష్టం ఇక్కడే జరుగుతుంది. సిమెంటు కట్టు విప్పిన చెయ్యి ఎలా సన్నబడి ఉంటుందో చూశారు కదా! పని లేని గొంతూ అంతే. ట్యూబు ఒంటికి తిండి ఇస్తుంది గాని గొంతుకు పని ఇవ్వదు. అందుచేత ట్యూబు ఉన్నా, డాక్టరు వద్దనకపోతే, రోజూ కొన్నిసార్లు ఉమ్మినైనా గట్టిగా మింగాలి. మింగేటప్పుడు గొంతుముడి మీద వేలు ఉంచి, అది పైకి లేచినప్పుడు రెండు మూడు క్షణాలు అక్కడే బిగబట్టడం ఇంకొక వ్యాయామం. నోరు మూడు వేళ్ళు పట్టేంత తెరుచుకునేలా సాధన చేయాలి. వీటిని స్పీచ్ థెరపిస్టు దగ్గర నేర్చుకోవాలి. రేడియేషన్‌కు ముందే మొదలుపెడితే మరీ మంచిది.

చాలామందికి అన్నం కంటే మంచినీళ్ళే కష్టం! గొంతు మూసుకునేలోగా జారిపోతాయి. అటువంటివారికి చిక్కటి రాగిజావ నయం. కొందరికి చిక్కనిదే గొంతులో నిలిచిపోతుంది. ఎవరికి ఏది సరిపోతుందో పరీక్ష చేసి చెబుతారు. తరువాత మెత్తగా పిసికిన పెరుగన్నం, పప్పన్నం. జొన్నరొట్టె మాత్రం చివరికి, అదీ పాలలో నానబెట్టి. నిటారుగా కూర్చుని తినాలి. తిన్న అరగంట వరకు పడుకోకూడదు.

తినేటప్పుడు దగ్గు వచ్చినా, గొంతు గరగరలాడినా, తరచు జ్వరం వచ్చినా తిండి ఊపిరితిత్తులలోకి పోతోందేమోనని అనుమానించాలి. కొందరికి దగ్గు కూడా రాదు. అందుకే బేరియం తాగించి ఎక్స్‌రేలో మింగడాన్ని చూస్తారు.

వారానికి ఒకసారి బరువు చూసుకోండి. తగ్గుతూ ఉంటే, రమ్మన్న తేదీ దాకా ఆగకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళండి.