పిల్లికూన పళ్లెములో నేమి వడ్డింతుము?

వానకు తడిసి, అరుగుక్రింద నక్కి, గొంతు బొంగురుపోవునంతగా అరచుచున్న పిల్లికూన కంటబడినంతనే తెలుగింట మొదట వినవచ్చు మాట యొక్కటే: “పాపం, ఓ చుక్క పాలు పొయ్యవే దానికి!” ఆ మాట పలికినవారి కరుణను శంకింప బనిలేదు, పిల్లికిని పాలకును మనవారు కలిపిన చుట్టరికము మిక్కిలి ప్రాచీనమైనది. తెనాలి రామకృష్ణుని గూర్చి చెప్పుకొను కథలో సైతము, రాయలవారు పిల్లుల పోషణమునకై పాడియావుల నిప్పించెననియు, రామకృష్ణుడు తన పిల్లికి మొదటనే సలసల క్రాగు పాలు పెట్టి మూతి కాల్పింపగా అది పిమ్మట పాలగిన్నెను చూచినంతనే పరుగు లంకించుకొనుచు చిక్కిపోయెననియు, ఆవుపాలన్నియు నాయన యింటివారే త్రాగిరనియు వినుచున్నాము. ఆ కథకు నవ్వుకొనువారు గమనింపని సంగతి యొకటి కలదు: ఆ పిల్లి చిక్కిపోవుట ఆవుపాలు లేకపోవుటచేత గాదు, పళ్లెములో మాంసము లేకపోవుటచేత.

పిల్లి పాలు త్రాగియే పెరుగును, నిజమే. కాని అవి తల్లిపాలు. ఆవుపాలలో మాంసకృత్తులు నూటికి మూడు, మూడున్నర పాళ్లుండగా, తల్లిపిల్లి పాలలో దాదాపు అంతకు రెట్టింపు. మరియు, పాలలోని చక్కెరయగు లాక్టోజును జీర్ణము చేయు ఎంజైము, కూన పాలు మాను వయసు దాటినకొలది దాని ప్రేగులలో క్షీణించును. జీర్ణముగాని యా చక్కెర పెద్దప్రేగులో పులిసి, నీటిని లాగికొని, విరేచనములను తెచ్చును. అరకిలో బరువైన లేని ప్రాణికి రెండుదినముల విరేచనములే ప్రాణాంతకము కావచ్చును. పాలు పోసిన యింటివారు మాత్రము, “పాలు కూడ పడలేదు, ఆయువు లేని కూన” అని నిట్టూర్చి యూరకుందురు.

తల్లి మరణించి, కన్నులైన తెరువని కూన చేజిక్కినప్పుడు మాట వేరు. అప్పుడు కావలసినది పశువుల మందుల దుకాణములందును, పెంపుడు జంతువుల సామగ్రి దుకాణములందును దొరకు పిల్లికూనల పాలపొడి. దానిని గోరువెచ్చని నీట కలిపి, రెండు మూడు గంటల కొకసారి, రాత్రియనక పగలనక, ఇంకు ఫిల్లరుతోనో సన్నని సీసాతోనో పట్టవలయును. చంటిబిడ్డను వలె వెల్లకిల పరుండబెట్టి పోసినచో పాలు ఊపిరితిత్తులలోనికి పోవును గనుక, కూనను బోర్లగా, తల్లి పొదుగును వెదకు భంగిమలోనే నిలిపి పట్టవలయును. పట్టిన పిమ్మట గోరువెచ్చని నీట తడిపి పిండిన గుడ్డతో తోకక్రింద మెల్లగా తుడువవలయును. తల్లి నాలుక చేయు ఆ పని మనము చేయనిదే అంతటి పసికూన మూత్రమైన విడువదు. పుట్టినప్పుడు నూరు గ్రాముల ప్రాంతమున తూగు కూన దినమునకు పది పదునైదు గ్రాములు పెరుగవలయును. మూడు నాలుగు వారములకు పాలపండ్లు మొలచుచుండగా పాలలో మెత్తని ఆహారము నానవేసి నాకించుట మొదలుపెట్టవచ్చును. ఏడెనిమిది వారములకు పాలతో పని తీరును. ఆ వయసు నిండకమునుపే తల్లిని విడదీసి కూనను తెచ్చుకొను ముచ్చట మంచిది కాదు.

ఇక పెరుగు కూనకు పళ్లెములో నేమి పెట్టవలయుననుటకు ప్రకృతి వ్రాసియుంచిన కొలమానము ఎలుక. ఎలుక దేహములో మూడింట రెండు వంతులు నీరు, నీరు తీసివేసినచో మిగిలినదానిలో సగమునకు పైగా మాంసకృత్తులు, తరువాత క్రొవ్వు, పిండిపదార్థము నామమాత్రము, ఎముకలలో సున్నము. మనము పెట్టు ప్రతి పదార్థమును ఈ యెలుక ప్రక్కన నిలిపి చూచిన చాలును, సందేహములు చాలవరకు వాటంతట నవే తీరును.

పిల్లి మాంసమును రుచికొరకు కోరుట గాదనియు, మాంసము లేనిదే దానికి దేహయాత్ర సాగదనియు శాస్త్రము స్పష్టముగా నిర్ధారించుట గత శతాబ్దపు ఉత్తరార్ధమున జరిగినది. 1975లో హేయ్స్, కేరీ, ష్మిట్ అను మువ్వురు అమెరికా పరిశోధకులు, కేసీన్‌ను, అనగా పాలలోని మాంసకృత్తునే, ఆధారముగా నిచ్చి పోషించిన పిల్లుల కంటి రెటీనా క్రమముగా నశించుట గాంచి, టారిన్ అను పదార్థపు లోపమే యందులకు కారణమని ప్రకటించిరి. మనుష్యుడు తన శరీరములో తయారు చేసికొను ఆ టారిన్‌ను పిల్లి చాలినంత చేసికొనలేదు. అది మాంసమునందును చేపలయందును, విశేషించి గుండెకాయయందును కలదు, ధాన్యములందును కూరగాయలందును లేదు. పండ్రెండేండ్లకు, 1987లో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణమున పాల్ పయాన్ అను పశువైద్యుడును ఆయన సహచరులును అంతకంటె భయంకరమైన సంగతిని వెల్లడించిరి: గుండె ఉబ్బి, కండరము బలముడిగి మరణించుచున్న పెంపుడు పిల్లులలో పెక్కింటి వ్యాధికి మూలము ఈ లోపమే, టారిన్ నందించినచో గుండె తిరిగి కోలుకొనుచుండెను. ఆ పిల్లులలో ననేకములు తినుచుండినది వీధిలోని ఎంగిలి గాదు, దుకాణములో కొన్న పిల్లుల ఆహారమే! తరువాతనే తయారీదార్లు టారిన్ పాళ్లు పెంచిరి. నేడు కుక్కకు కొన్న ఆహారమును చవుకయని పిల్లికిని పెట్టు ఇండ్లు కలవు. కుక్క టారిన్ తయారు చేసికొనగలదు గనుక దాని యాహారమున అది పిల్లికి చాలినంత యుండవలయునను నియమము లేదు.

క్యారెట్టులోని కెరోటిన్‌ను విటమిన్ ‘ఏ’గా మార్చుకొనుటయు పిల్లికి చేతగాదు. తీపి యన నెట్టిదో దానికి తెలియనే తెలియదు. నాలుకపై తీపిని గుర్తించు గ్రాహకమునకు కావలసిన జన్యువు పిల్లి జాతిలో పనిచేయని స్థితి నున్నదని ఫిలడెల్ఫియాలోని మొనెల్ సంస్థ పరిశోధకులు 2005లో తేల్చిరి. కాబట్టి పాయసపు గిన్నెను నాకు పిల్లి మెచ్చుకొనుచున్నది అందలి నేతిని గాని బెల్లమును గాదు. పెరుగన్నము విషము గాదు. కాని గుప్పెడంత కడుపును నింపి, ఆకలిని చంపి, పెరుగుదలకు కావలసినదానికి చోటు లేకుండ జేయును.

అట్లని మాంసపు దుకాణమునకు పోయి వచ్చుటతో బాధ్యత తీరదు. చికెన్ కొట్టువాడు పిల్లికని చెప్పిన తోడనే కార్జమును కందనకాయను ఒక సంచిలో వేసి యిచ్చును. కార్జము వారమున కొకటి రెండు ముక్కలు మేలు. నెలల తరబడి అదియే పెట్టినచో విటమిన్ ‘ఏ’ మితిమీరి మెడయెముకలు బిగిసికొనిపోవును. వట్టి కండ పెట్టినను చిక్కే: అందులో భాస్వరము సున్నమునకంటె పదునైదింతలకు మించి యుండుటచేత, కూన దేహము సున్నముకొరకు తన యెముకలనే కరగించుకొనును, కుర్చీపైనుండి దుమికినంతనే కాలు విరిగిన కూనలకు కారణ మిది కావచ్చును. ఆ కొరత తీర్తుమని కూరలోని ఉడికిన యెముక వేయరాదు, అది సూదులుగా చీలును. పచ్చిచేపలు కొన్నిటిలో థయమిన్ అను విటమిన్‌ను నాశము చేయు ఎంజైము కలదు. ఉడికించిన నది నశించును. ఎండు నెత్తళ్ల వాసనకు పిల్లి యెంత పరవశించినను వానిలోని ఉప్పు పసికూనకు తగదు. పులుసు కలిపిన అన్నము అసలే కూడదు. ఉల్లియు వెల్లుల్లియు పిల్లి రక్తములోని ఎఱ్ఱకణములను పగులగొట్టును. ఉప్పు, మసాలా తగులని ఉడికించిన కోడిమాంసము, ముల్లు తీసిన చేప, ఉడికిన గ్రుడ్డు—ఇవి దినపు తిండిలో పదవ వంతుకు మించకుండ ఉపాహారముగ నుండదగినవి.

తక్కిన తొమ్మిది వంతులు? కంపెనీలపై ప్రత్యేకాభిమానము లేనివాడనై చెప్పుచున్నాను: పెరుగు కూనలకని ప్రత్యేకముగ చేసిన సంపూర్ణాహారమే. పైనున్న బొమ్మను గాక వెనుకనున్న చిన్న అక్షరములను చదువవలయును. అమెరికాలోని పశ్వాహార నియంత్రణాధికారుల సంఘము నిర్ణయించిన ప్రమాణము ననుసరించి, నీటిని మినహాయింపగా పెరుగు కూన ఆహారమున మాంసకృత్తులు నూటికి 30 పాళ్లకు తగ్గరాదు. పెద్ద పిల్లికి 26 చాలును. “నీటిని మినహాయింపగా” అను మాటను మరచినవారు మోసపోవుదురు. తడి ఆహారపు ప్యాకెట్టుపై మాంసకృత్తులు 10 శాతమని యుండును, ఎండు ఆహారపు సంచిపై 34 అని యుండును. కాని మొదటిదానిలో నీరు 80 పాళ్లు, మిగిలిన 20లో 10 అనగా సగము. రెండవదానిలో నీరు 10 పాళ్లే గనుక లెక్క 38 దాటదు. నీటి విషయమున గూడ తడి ఆహారమే ఎలుకకు దగ్గర. ఎడారి ప్రాంతపు అడవిపిల్లి సంతతి గావున పిల్లికి దాహము తక్కువ. అయితే తడి ఆహారమునకు ఖర్చు హెచ్చు. మధ్యతరగతివారు రెంటిని కలిపి నడుపుకొనవచ్చును. చిన్ననాడు ఒకే రుచికి, ఒకే గట్టిదనమునకు మరగిన కూన పెద్దయై మరియొకటి ముట్టదు గనుక గూడ ఈ మిశ్రమము మేలు. క్రొత్త యాహారమునకు వారము దినములలో కొంచెము కొంచెముగా మార్పవలయును.

తినుచున్న కూనను దగ్గర కూర్చుండి చూడుడు. లోతైన గిన్నె అంచులకు మీసములు తగులగానే తల వెనుకకు లాగికొని, ఒక పలుకును పంజాతో నేలపైకి లాగి, మెడ ప్రక్కకు వాల్చి దవడపండ్లతో కొరుకును. పలుచని పళ్లెములో గోరువెచ్చని నీట నానిన దానిని పెట్టినచో గుర్రుమనుచు మూతి యెత్తకుండ నాకును. బరువునుబట్టి చూడగా దానికి కావలసిన శక్తి పెద్ద పిల్లికంటె రెట్టింపునకు పైమాట, కడుపు మాత్రము చిన్నది. కావున నాలుగు నెలలవరకు దినమునకు నాలుగు పూటలు, ఆరు నెలలవరకు మూడు, పిమ్మట రెండు. వంటింటి త్రాసుపై వారమున కొకసారి తూచిన నెలకు సుమారు అరకిలో పెరుగుచుండవలయును. పొట్ట ఉబ్బి, వెన్నెముక చేతికి తగులుచున్నచో అది తిండి చాలుటకు గుర్తు కాదు, నులిపురుగులకు గుర్తు. వైద్యుని యొద్దకు గొనిపోవలయును. ఏడాది నిండిన పిదప పెద్దవాని తిండికి మార్పవచ్చును.

శాకాహారుల యింట పిల్లి సంగతి యేమని కొందరడుగుదురు. హితోపదేశములో దీర్ఘకర్ణమను పిల్లి, జరద్గవమను గ్రుడ్డిగ్రద్ద యెదుట నిలిచి, తాను మాంసము మాని చాంద్రాయణ వ్రతము సల్పుచున్నానని నమ్మబలికి, తొర్రలో చోటు సంపాదించి పక్షిపిల్లలను భక్షించెను. ఆ కథ వ్రాసిన పండితునకు టారిన్ తెలియదు గాని పిల్లి బాగుగ తెలియును. మన యాచారము మనది. దానిని కూనపై మోపుట మాత్రము న్యాయము గాదు. ఇంట మాంసము వండనివారు మాంసముతో చేసిన సిద్ధాహారమును తెచ్చి, దానికి వేరు పళ్లెము, వేరు మూల ఏర్పరచి పెంచవచ్చును. ఆ ప్యాకెట్టు సైతము గడప దాటరాదనువారు పిల్లిని తెచ్చుకొనరాదు.