మీకు తెలుసా? పల్లె పేరున పెద్ద లీగ్ జట్టు

స్విట్జర్లాండ్ ఐస్ హాకీ నేషనల్ లీగ్‌లో ఆడేవి 14 జట్లు. వాటిలో అంబ్రీ-పియొట్టా జట్టుది టిచినో కొండల్లోని ఓ పల్లె. ఊరి జనాభా వందల్లోనే. 2021లో తెరిచిన స్టేడియంలో మాత్రం ఆరు వేల మందికి పైగా పడతారు! పాత స్టేడియం మంచుచరియలు విరిగిపడే చోట ఉండటంతో వదులుకోక తప్పలేదు. కొత్తదాన్ని రూపొందించింది ప్రఖ్యాత ఆర్కిటెక్ట్ మారియో బొట్టా. లీగ్ టైటిల్ మాత్రం ఇంకా ఊరిస్తూనే ఉంది. 1999 ఫైనల్లో ఓడింది కూడా అదే టిచినోకు చెందిన లుగానో చేతిలోనే, పాపం.

టైటిళ్లలో దావోస్ జట్టుదే పైచేయి: 31. లాకౌట్ వల్ల 2004-05లో ఉత్తర అమెరికా ఎన్‌హెచ్‌ఎల్ జరగకపోతే అక్కడి స్టార్లు జో థార్న్‌టన్, రిక్ నాష్ వచ్చి ఆడింది దావోస్‌కే. ఆ ఏడు విజేత దావోసే.

ప్రతి జట్టులో ఎక్కువ పాయింట్లు సాధించినవాడికి పసుపు హెల్మెట్ పెడతారు. గౌరవమే కానీ, ఎవరిని అడ్డుకోవాలో ప్రత్యర్థికి ఇట్టే తెలిసిపోతుంది.