వార్తల్లో పదం: సపోర్టివ్ హౌసింగ్

నిలువనీడ లేక వీథులలో బ్రదుకు వెళ్ళబుచ్చిన వికలాంగులకును, మనోవ్యాధిపీడితులకును స్థిరమైన అద్దెయింటిని చూపి, వైద్యుని, సామాజిక కార్యకర్తను వారి గుమ్మముకడకే పంపు పద్ధతికి సపోర్టివ్ హౌసింగ్ అని వ్యవహారము. మునుపు వారు మద్యము మానవలెను, మందులు మ్రింగవలెను, సత్ప్రవర్తనను నిరూపించుకొనవలెను, ఆ మీదటనే ఇల్లు. వానలో తడియుచున్నవానిని ఒడలార్చుకొని లోనికి రమ్మనుట వంటిదీ న్యాయము. 1992లో న్యూయార్కునందు శామ్ సెంబెరిస్ అను మనస్తత్త్వవేత్త 'పాత్‌వేస్ టు హౌసింగ్' సంస్థను నెలకొల్పి, యీ క్రమమును తలక్రిందులు చేసి, ముందుగా తాళపుచెవి నిచ్చి, చికిత్సను వారి యిచ్ఛకు విడిచెను. ఇల్లు ఉచితము కాదు సుమా: తమ ఆదాయములో సుమారు 30 శాతమును వారే చెల్లింతురు, కావున దయాదాక్షిణ్యముల మాట అటుండగా, అద్దెదారుని హక్కు వారికి సంక్రమించును. ఫిన్లండు 2008 నుండి యీ మార్గమునే జాతీయవిధానముగా గైకొని, రాత్రివసతి శాలలను పెక్కింటిని అద్దెగృహములుగా మార్చివేసెను.